మధ్యలో ఎవరూ లేరు, నేను తప్ప

మా ఇంట్లో ఒకప్పుడు లేసు గుడ్డ కప్పని వస్తువు లేదు. టీవీ మీద ఒకటి, రేడియో మీద ఒకటి, టెలిఫోన్ కింద ఒకటి, మంచినీళ్ల కూజా మీద అంచులకు పూసలు గుచ్చినది ఒకటి. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పుట్టినవాళ్లకి ఇందులో వింతేం లేదు. సాయంత్రం ఏ వీధిలోకి వెళ్లినా అరుగు మీద నలుగురు ఆడవాళ్లు, ఒళ్లో దారం ఉండ, చేతిలో లేసు సూది, నోటినిండా ఊరి కబుర్లు. తర్వాత టీవీలు సన్నబడి గోడెక్కాయి. టెలిఫోన్ జేబులోకి దూరింది. కూజా ఉన్న చోట ఫిల్టరు వచ్చింది. లేసుకి ఇంట్లో చోటు పోయింది. సరదాకి చెబుతున్నా గానీ, ఈ సంగతి వ్యాపారం పెట్టేముందు తట్టి ఉంటే నాకు ఒక ఏడాది కలిసొచ్చేది.

2021లో కోవిడ్ రెండో విడత తగ్గాక ఊరికి వెళ్లాను. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి చూపించింది. నిండా లేసు. ఎగుమతులు ఆగిపోయాయని ఏజెంటు గారు తీసుకెళ్లని మాలు అది. గుండ్రటివి, చదరపువి, భోజనాల బల్ల మీద పరిచేవి, మధ్యలో అనాసపండు డిజైను ఉన్నవి. "పోనీలే, ఎవరికైనా పంచిపెడదాం" అంది అమ్మ. నాకు మనసొప్పలేదు. కూకట్‌పల్లికి తిరిగొచ్చేటప్పుడు పెట్టె మొత్తం బస్సులో వేసుకొచ్చాను. వారం తిరక్కుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి, పైన ఈ మాట రాసుకున్నాను: "దళారులు లేరు. అమ్మ చేతి నుంచి నేరుగా మీ ఇంటికి."

చేతితో చేసిన వస్తువులు అమ్మే ఏ పేజీ చూసినా ఇలాంటి మాటే కనిపిస్తుంది. కావాలని ఎవరూ అబద్ధం చెప్పరు, నేనూ చెప్పలేదు. కానీ అది అబద్ధమే. నాలుగేళ్లకు పైగా ఈ పని చేశాక నాకు అర్థమైంది ఒక్కటే. ఆన్‌లైన్‌లో దుకాణం పెడితే దళారీ పోడు, ఆ కుర్చీలోకి మనం వెళ్లి కూర్చుంటాం. కూర్చున్నామని ఒప్పుకోకపోతే పాత దళారీ కన్నా అన్యాయం చేస్తాం. నేను చేశాను.

ముందు ఏజెంటు గారు ఏం చేసేవారో చెప్పాలి. మోపెడ్ మీద వచ్చేవారు. దారం తూచి ఇచ్చేవారు, లేసు తూచి తీసుకునేవారు. దారం మిగిల్చి దాచుకుంటారేమోనన్న అనుమానం ఆ తూకంలోనే ఉండేది. పని కూడా ఒకరిది కాదు. ఒక్కో పువ్వు అల్లేది చేతిపని, ఆ పువ్వుల్ని కలిపి గుడ్డగా చేసేది అతుకుపని. ఒక పెద్ద గుడ్డ ముగ్గురు నలుగురి చేతుల మీదుగా వెళ్లేది, ఎవరి డబ్బులు వారికి. తర్వాత ఏజెంటు గారు దాన్ని ఉతికించాలి, గంజి పెట్టించాలి, ఇస్త్రీ చేయించాలి, ఎగుమతిదారుకి ఇవ్వాలి. ఆయనకు డబ్బు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. కుట్టు తప్పినదాన్ని అవతలివాళ్లు తిప్పి పంపితే ఆ నష్టం సగం ఆయనది, సగం అల్లినవాళ్లది. ఎవరింట్లోనైనా జ్వరమో పెళ్లో వస్తే అడ్వాన్సు ఇచ్చింది కూడా ఆయనే, ఆ అడ్వాన్సుతో మళ్లీ కట్టిపడేసిందీ ఆయనే. చెడ్డవాడని తీసిపారేయలేను. మంచివాడని దండ వేయనూ లేను.

నేను పేజీ పెట్టినప్పుడు ఈ పనుల్లో ఒక్కటీ మాయం కాలేదు. దారం ఎవరో కొనాలి. సన్నదారమా లావుదారమా, 20 నంబరా 40 నంబరా, తెలుపా మీగడ రంగా ఎవరో తేల్చాలి. ఊళ్లో అల్లిన తెల్లగుడ్డ మీద వంటింటి చేతి మరక ఉండనే ఉంటుంది, ఎవరో ఉతకాలి. దీనికి తోడు ఏజెంటు గారికి లేని పనులు కొన్ని నాకు కొత్తగా వచ్చాయి. ఫొటోలు తీయడం అందులో ఒకటి. తెల్ల దుప్పటి మీద తెల్ల లేసు పెట్టి తీశాను, ఏమీ కనపడలేదు. చివరికి అమ్మ పాత నేరేడుపండు రంగు పట్టుచీర కొంగు పరిచి, వరండాలో పొద్దున 8 గంటల ఎండలో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే కుదిరింది. ఇక రాత్రి 11కి "ధర ప్లీజ్" అని అడిగి, ధర చెప్పగానే మాయమైపోయేవాళ్లకు జవాబివ్వడం ఇంకొకటి. అందులో నేను ఇప్పటికీ ఫెయిలే.

గోదావరి డెల్టా తేమ గురించి పుస్తకంలో చదవక్కర్లేదు, అక్కడ పెరిగినదాన్ని. అయినా మొదటి వానాకాలం ఆరు పొడవాటి బల్లగుడ్డల్ని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి ఊళ్లోనే అటక మీద పెట్టించాను. సెప్టెంబరులో విప్పితే నల్లనల్లటి బూజు చుక్కలు. ఆరూ పోయాయి. ఎవరి కష్టం పోయినట్టు? నేను అమ్ముడయ్యాకే డబ్బులిస్తానని అమ్మకి, పిన్నికి, పక్కింటి వదినకి చెప్పి ఉన్నాను. కాబట్టి పోయింది వాళ్లది. ఏజెంటు గారైతే సరుకు చేతికి రాగానే ఎంతో కొంత ఇచ్చేవారు. నేను అదీ ఇవ్వలేదు. నా భాషలో దాని పేరు "మనమందరం కలిసి చేస్తున్న వ్యాపారం".

ఇక ధర. చేతిపని వ్యాపారం గురించి మాట్లాడేవాళ్లంతా లోగో గురించి, పేరు గురించి, రీల్స్ గురించి గంటలు గంటలు చెబుతారు. ధర దగ్గరకొచ్చేసరికి "మార్కెట్ చూసి పెట్టుకోండి" అని తేల్చేస్తారు. నేనూ అదే చేశాను. 12 అంగుళాల గుండ్రటి గుడ్డ ఒకటి ఆన్‌లైన్‌లో ఎంతకు దొరుకుతోందని వెతికితే మిషన్ మీద చేసినవి నాలుగు కలిపి 299. అంత తక్కువకి ఇవ్వలేను కాబట్టి ఒక్కోటి 250, పోస్టు ఖర్చు నాదే అన్నాను. అందులో దారం 45, ఉతుకు గంజి 20, కవరు కాగితం 15, పోస్టు 60 పోగా 110 మిగిలింది. ఆ 110 అమ్మకిచ్చాను. ఏజెంటు గారు అదే గుడ్డకి 60 ఇచ్చేవారు. దాదాపు రెట్టింపు కదా! అమ్మ సంబరపడింది, నేను గొప్పగా స్టేటస్ పెట్టుకున్నాను.

ఒకసారి అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను. ఆ గుడ్డకి ఆమెకు పట్టింది 9 గంటలు. అమ్మ చేయి తిరిగిన మనిషి, యాభై ఏళ్లుగా అల్లుతోంది. 110ని 9తో భాగిస్తే గంటకి 12 రూపాయల చిల్లర. 2025-26లో ఆంధ్రలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు, అంటే ఎనిమిది గంటల లెక్కన గంటకి 38. చెరువులో మట్టి తీసే పనిని తక్కువ చేయడం లేదు. పదేళ్లు నేర్చుకుంటే గానీ చేయి కుదరని పనికి అందులో మూడో వంతు ఇస్తూ, దళారులు లేరని నేను రాసుకున్నాను.

సరిగ్గా లెక్కేస్తే ఏమవుతుందో చూడండి. 9 గంటలకి 345. దారం, ఉతుకు, కవరు, పోస్టు కలిపి 140. పదింటిలో ఒకటి పాడవుతుంది, తిరిగొస్తుంది, లేదా అమ్ముడుపోదు, దానికి 50. ఫొటో, ప్యాకింగు, మాటలు కలిపి నాకు ముప్పావు గంట, నాకూ అదే కూలి కడితే 30. మొత్తం 565. ఇందులో లాభం లేదు, కేవలం ఖర్చు. దీన్ని 250కి అమ్మానంటే మిగతా 315 రూపాయలు కొన్నవాళ్లకి ఎవరు బహుమతి ఇచ్చారు? అమ్మ, ఆమె నడుము, ఆమె కళ్లు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "ఆవిడ ఎలాగూ ఖాళీగానే కూర్చుంటుంది కదా, ఖాళీ సమయంలో చేసేదానికి కూలేంటి?" ఈ మాటకి మా ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు గోదావరి జిల్లాల్లో ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారు. గడప దాటకుండా చేసుకోవచ్చు, పరువుకి లోటు లేదు. అందుకే పరువున్న కుటుంబాలు కూడా దీన్ని పట్టుకున్నాయి. ఆ పరువే మెడకు చుట్టుకుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు పనివాళ్ల మీద పరిశోధించి 1982లో పుస్తకంగా వేశారు. ఆమె తేల్చింది టూకీగా ఇది: ప్రపంచ మార్కెట్‌కి సరుకు చేసే ఈ ఆడవాళ్లని పనివాళ్లు అనకుండా గృహిణులు అంటారు, వాళ్ల పనిని కాలక్షేపం అంటారు, ఆ పేరు చాటునే కూలి అంత అడుగున ఉండిపోయింది. ఆమె చెప్పింది ఎగుమతిదారుల గురించి. అయినా ఆ సంగతి తెలిసినప్పుడు నా పేజీయే గుర్తొచ్చింది. "అమ్మ తన తీరిక వేళల్లో ప్రేమతో అల్లినవి" అని నేనే రాశాను. పక్కన గుండె బొమ్మ కూడా పెట్టాను.

ఇప్పటికీ ఆ చూపు పోలేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం చేతివృత్తులవాళ్లకి సాయం చేసే పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులో 18 వృత్తులున్నాయి. బొమ్మలు చేసేవారున్నారు, బుట్టలు చాపలు అల్లేవారున్నారు, చేపల వలలు అల్లేవారూ ఉన్నారు. లేసు అల్లేవాళ్లు లేరు. వల అల్లితే వృత్తి, లేసు అల్లితే ఖాళీ సమయం! 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే, ఊళ్లో అందరం స్వీట్లు పంచుకున్నాం. ఆ గుర్తింపు వల్ల ఇంకెక్కడో చేసిన సరుకుని నర్సాపురం పేరుతో అమ్మకుండా ఆపవచ్చు. అల్లిన మనిషికి గంటకెంత ఇవ్వాలో మాత్రం అది చెప్పదు. ఏటికొప్పాక లక్క బొమ్మలకి 2017లోనే వచ్చింది. అంకుడు కర్ర కోసం, పసుపు, నీలి లాంటి సహజ రంగుల కోసం అక్కడివాళ్లు పడే తిప్పలు ఆ కాగితంతో తీరిపోలేదు కదా.

నగరంలో సరదాకి అల్లి అమ్మేవాళ్లతో నాకో పేచీ ఉంది. చెబితే కోపాలొస్తాయి, అయినా చెబుతాను. లాక్‌డౌన్‌లో వీడియోలు చూసి క్రోషా, అంటే ఈ లేసు అల్లికే, నేర్చుకున్నవాళ్లు చాలామంది. మంచిదే, మనసుకి హాయి. కానీ ఇంట్లో జీతం వేరే ఉంది కదా అని దారం ఖర్చు వస్తే చాలన్నట్టు 150కి అమ్మేస్తారు. "నాకేం డబ్బు అక్కర్లేదండీ, ఊరికే ప్యాషన్" అంటారు. మీకు అక్కర్లేదు సరే. దాని మీదే గ్యాసు బండ కొనుక్కునే మనిషి మీ పక్కనే అదే గుడ్డ పెట్టుకుని కూర్చుంది. కొనేవాళ్లు ఆవిడని అడుగుతారు, "అక్కడ 150కే ఇస్తున్నారు, మీరేంటి ఇంత చెబుతున్నారు?" అని. మీకు డబ్బు వద్దనుకుంటే వస్తువుని ఊరికే ఇచ్చేయండి. తక్కువకి అమ్మకండి. ఊరికే ఇచ్చేది కానుక, దానితో ఎవరూ పోల్చుకోరు. తక్కువకి అమ్మేది మాత్రం అందరికీ ధర అయిపోతుంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. అసలైన క్రోషా కుట్టును యంత్రం వేయలేదు. మిషన్ మీద వచ్చేది దాన్ని పోలిన అల్లిక, దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. కాబట్టి ఎక్కడైనా పెద్ద షాపులో నిజమైన క్రోషా టాపు చవగ్గా దొరికితే, మిషన్ చేసింది కాబట్టి చవక అనుకోకండి. ఎక్కడో ఒకరికి గంటకి 12 రూపాయలే ఇచ్చారు కాబట్టి చవక.

సరే, 565కి ఆ గుండ్రటి గుడ్డ ఎవరు కొంటారు? నిజాయితీగా చెప్పాలంటే దాదాపు ఎవరూ కొనరు. ధర పెంచిన మొదటి రెండు నెలలు నాలుగు అమ్ముడయ్యాయి. అందులో రెండు మా ఆఫీసు వాళ్లు మొహమాటానికి కొన్నవి. అప్పుడు గానీ నాకు టీవీలు సన్నబడ్డ సంగతి తట్టలేదు. అపార్టుమెంటులో బల్ల మీద అద్దం, అద్దం మీద లేసు ఎందుకు? అది విదేశీ బల్లల కోసం పుట్టిన వస్తువు. మనవాళ్లకి లేసు కావాల్సింది ఇంకెక్కడో.

ఆ ఇంకెక్కడో దొరికింది పక్కింటి పెళ్లిలో. నా జాకెట్ చేతులకి అమ్మ అల్లిన సన్నటి లేసు అంచు కుట్టించుకుని వెళ్లాను. నలుగురు అడిగారు ఎక్కడ చేయించావని. ఒక జత చేతులకి అంచు అల్లడానికి 3 గంటలు పడుతుంది, అంటే 115. దారం 15. ప్యాకింగు, పోస్టు 75. పాడయ్యేది, నా కూలి కలిపి 55. మొత్తం 260 అవుతుంది, 350 చెప్పాను. ఒక్కరూ బేరమాడలేదు! ఎందుకంటే వాళ్లు దాన్ని 299కి నాలుగొచ్చే మిషన్ గుడ్డతో పోల్చలేదు. మగ్గం వర్క్‌తో పోల్చారు. జాకెట్ మీద మగ్గం పనికి వేలకి వేలు ఇచ్చేవాళ్లకి 350 అంటే లెక్కే కాదు. అదే చేయి, అదే సూది, అదే దారం. పక్కన ఏ వస్తువు ఉంటుందన్నదాన్ని బట్టి ధర నిలిచింది. ఇప్పుడు నా అమ్మకాల్లో సగం పైన జాకెట్ అంచులే. మిగతావి శ్రావణమాసంలో కలశం కింద వేసే గుడ్డలు, ఉయ్యాల తోరణాలు, నెలల పిల్లల టోపీలు. గుండ్రటి బల్లగుడ్డ అడిగితే అల్లించి ఇస్తాను, ముందే అల్లించి పెట్టను.

జాలిని అమ్మడం గురించి కూడా చెప్పాలి. మొదట్లో ఒక పోస్టు పెట్టాను. పిన్ని అరుగు మీద కూర్చుని అల్లుతున్న ఫొటో, కింద "ఈ గుడ్డ కొంటే ఒక పేద గ్రామీణ మహిళకి చేయూతనిచ్చినట్టే" అని. బాగా తిరిగింది, ఆర్డర్లు కూడా వచ్చాయి. రెండో రోజు పిన్ని ఫోన్. వాళ్లబ్బాయి చూపించాడట.

"ఏమ్మా అమ్మడూ, మేం పేదోళ్లమని నీకెవరు చెప్పారే?"

నాకు నోట మాట రాలేదు. పిన్నికి రెండెకరాల చేను ఉంది, పెంకుటిల్లు ఉంది, పిల్లల్ని చదివించింది. ఆమె లేసు అల్లేది సొంత ఖర్చులకి ఎవరి ముందూ చేయి చాచకుండా ఉండటానికి. ఫొటో తీసేశాను. ఆ తర్వాత ఎప్పుడూ అలాంటి మాట రాయలేదు. జాలితో కొన్నవాళ్లు ఒక్కసారే కొంటారన్నది వ్యాపారం లెక్క. అది పక్కన పెట్టినా, మనవాళ్ల పరువుని లైకులకి అమ్ముకునే హక్కు నాకు ఎవరిచ్చారు?

అయినా ఒకసారి దెబ్బ తిన్నంత మాత్రాన బుద్ధి వచ్చేస్తుందా. 2023 శ్రావణంలో ఒక గృహప్రవేశానికి తాంబూలం పళ్లేల మీద కప్పే చిన్న గుడ్డలు 150 కావాలన్నారు, 20 రోజుల్లో. అంత పెద్ద ఆర్డరు అంతకుముందెప్పుడూ రాలేదు. అడ్వాన్సు ఫోన్‌లో టింగుమని పడింది. ఆనందంలో హెచ్చవేత మర్చిపోయాను. ఒక్కోటి 4 గంటలు, 150కి 600 గంటలు. అల్లేవాళ్లు ఐదుగురు. అంటే ఒక్కొక్కరు రోజూ 6 గంటలు, ఇరవై రోజులు ఒక్క రోజు కూడా మానకుండా. పైగా అది వరినాట్ల కాలం, వ్రతాల కాలం. పిన్నికి ఫోన్ చేసి ఏమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"పెద్ద పనేం కాదు పిన్నీ, ఖాళీగా ఉన్నప్పుడు చేసిపెట్టండి."

అవతల ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత నవ్వింది. "అచ్చం ఏజెంటు గారి లాగే అన్నావే."

ఆమె దెప్పలేదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. గడువుకి 132 అయ్యాయి. చివరి వారం వాళ్లు రాత్రి ఒంటిగంట దాకా ట్యూబులైటు కింద కూర్చున్నారు. వదినకి మెడ పట్టేసింది. పిన్ని కళ్లు ఎర్రబడి డాక్టరు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు నంబరు మార్పించుకుంది. తక్కువైన 18కి పార్టీవాళ్లు డబ్బు తగ్గించుకున్నారు, అది వాళ్ల హక్కు. ఆ నష్టం మాత్రం ఈసారి నేనే పెట్టుకున్నాను. ఏజెంటు గారి కుర్చీలో కూర్చున్నానని నాకు తెలిసొచ్చింది ఆ రోజే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. సరుకు నా చేతికి రాగానే డబ్బు, అమ్ముడైనా కాకపోయినా. పాడైతే నాది. దారం నేను కొంటాను, తూకం లేదు. ఒక్కో రకానికి ఎన్ని గంటలో అల్లేవాళ్లే చెప్పాలి, నేను చెప్పకూడదు. నాట్లప్పుడు, కోతలప్పుడు, ఊళ్లో పెళ్లిళ్లున్నప్పుడు కొత్త ఆర్డర్లు తీసుకోను, పేజీలో ముందే రాస్తాను. క్యాష్ ఆన్ డెలివరీ తీసేశాను. తలుపు దగ్గర "వద్దులెండి" అన్న ప్రతి పార్సిలుకీ రానుపోను ఖర్చు నా మీద పడేది. నెలకి 40 దాకా అమ్మేదాన్ని, ఇవి పెట్టాక 15కి పడిపోయాయి. ఏడాదిన్నర పట్టింది మళ్లీ 30కి రావడానికి. తక్కువ ధరతో పేరు తెచ్చుకుని తర్వాత పెంచుదాం అనుకునేవాళ్లకి ఒక మాట. ఆ పేరు "చవగ్గా ఇచ్చే అమ్మాయి" అన్న పేరే. పెంచిన రోజున నా పాత కస్టమర్లు పదిమందిలో ఎనిమిది మంది మాయమయ్యారు. మొదటి నుంచీ సరైన ధర చెప్పి ఉంటే వాళ్లు వచ్చేవాళ్లూ కాదు, వెళ్లేవాళ్లూ కాదు.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. వస్తువులు అమ్మేవాళ్లకి జీఎస్టీ నమోదు హద్దు ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మామూలుగా రాష్ట్రం దాటి అమ్మితే ఆ హద్దు వర్తించదు, కానీ చేతితో చేసిన హస్తకళల వస్తువులకి 20 లక్షల దాకా మినహాయింపు ఉంది. పెద్ద షాపింగ్ సైట్లలో పెట్టేవాళ్లకి నియమాలు వేరు. 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని చిన్నవాళ్లు కూడా వాటిలో అమ్మవచ్చు, కానీ సొంత రాష్ట్రం లోపలే. నేను 500 ఇచ్చి ఒక ఆడిటరుని అడిగాను. ఈ వ్యాపారంలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు అదే.

అమెరికా ముచ్చట కూడా ఒకటుంది. డాలస్‌లో ఉన్న మా అక్క అక్కడ సీమంతాలకి, ఓణీల ఫంక్షన్లకి రిటర్న్ గిఫ్టులుగా నా దగ్గర తెప్పించేది. లేసు తేలిక, మడత పెడితే కవరంత. కొండపల్లి అంబారీ ఏనుగుని పంపేవాళ్లు పెట్టె సైజుకి కూడా డబ్బు కట్టాలి, తొండం విరక్కుండా దేవుడికి మొక్కాలి. నాకా బాధ లేదు. పైగా 800 డాలర్ల లోపు పార్సిళ్లకి అక్కడ సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29తో ఆ వెసులుబాటు పోయింది. దానికి నాలుగు రోజుల ముందే, 25 నుంచి, మన తపాలా శాఖ అమెరికాకి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. దసరాకని కట్టిన నా ఏడు పార్సిళ్లు మంచం కింద ఉండిపోయాయి. అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలయ్యాయి గానీ, సుంకం కలిపితే అక్క స్నేహితులకి గిట్టలేదు. నాలుగు అక్కడివాళ్లు వద్దన్నారు, మూడు మా వదిన చెల్లెలు అమెరికా వెళ్తూ సూట్‌కేసులో పట్టుకెళ్లింది. ఆ ఏడు పార్సిళ్లకీ అల్లినవాళ్లకి నేను ఆగస్టులోనే డబ్బిచ్చేశాను. పాత పద్ధతే ఉండి ఉంటే అమెరికా ప్రభుత్వం నిర్ణయానికి మా ఊరి అరుగు మీద ఐదుగురు దసరాకి చీర మానుకోవాల్సి వచ్చేది. దళారీ అనేవాడు ఉండాల్సింది ఇందుకేనేమో అనిపించింది, దెబ్బని మధ్యలో కాచుకోవడానికి. పాత ఏజెంటు గారు అందులో ఎంత కాచుకున్నారో, ఎంత కిందికి తోసేశారో ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

నాకేం మిగులుతోందని అడుగుతారు కదా. మంచి నెలల్లో అన్నీ పోగా మూడు వేల చిల్లర. నాట్ల నెలలో ఏమీ లేదు. ఉద్యోగం మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. "ఇంట్లో కూర్చుని నెలకి లక్ష" అని చెప్పే వీడియోల్లో ఎవరూ సూది పట్టుకుని కనపడరు, గమనించండి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పిన్ని ఒక కొత్త అంచు చూపించింది, మామిడి పిందెల డిజైను. 60 నంబరు దారం, వెంట్రుకంత సన్నం. నేను మునివేళ్లతో పట్టుకుని, "దీనికి 3 గంటలు వేసుకోనా పిన్నీ?" అన్నాను, అలవాటు కొద్దీ.

పిన్ని లేచి వంటింట్లోకి వెళ్లి గోడకున్న క్యాలెండరు తీసుకొచ్చింది. పాల లెక్క వేసే క్యాలెండరు. ప్రతి తేదీ కింద లీటరు, అర లీటరు అని పెన్సిల్‌తో ఉంది. వాటి పక్కనే ఎర్ర ఇంకుతో ఇంకో వరస అంకెలు. డిసెంబరు 9న గంటన్నర, 10న రెండు, 12న ముప్పావు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది.

"నాలుగుంపావు. ఇప్పింది, మళ్లీ అల్లింది వేసుకోలేదు. అది నా తప్పు."